గ్రహాంతర సినిమాల్లో ఎవరి మాట నెగ్గుతుంది?

(అనంతపురంలో సినిమా ప్రేమికుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, పనులు మానుకుని ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. ముందు వరసల్లో డిగ్రీ పిల్లలు ఉన్నారు, వెనక నా వయసువాళ్లు కూర్చున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలని నా ప్రయత్నం.

ముందు ఇల్లు కాపాడుకుందాం అనే సంప్రదాయవాదం, కొత్తవాడితో మాట్లాడదాం అనే ఉదారవాదం, గ్రహాంతరవాసుల సినిమాల్లో ఈ రెండింటిలో దేని మాట నెగ్గుతుందన్నది ఇవాళ్టి విషయం. 1951తో మొదలుపెడతాను. ఆ ఏడాది మార్చిలో, మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు తీసిన ‘పాతాళ భైరవి’ విడుదలైంది. మనవాళ్లు తోటరాముణ్ణి, నేపాళ మాంత్రికుణ్ణి చూస్తూ ఉండగా అదే ఏడు అమెరికాలో రెండు సినిమాలు వచ్చాయి. ఏప్రిల్‌లో ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’, సెప్టెంబరులో ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’. రెండింట్లోనూ ఆకాశం నుంచి ఎగిరే పళ్లెం ఒకటి దిగుతుంది. రెండింట్లోనూ అందులోంచి ఒకడు బయటికొస్తాడు. రెండింట్లోనూ ఒక పెద్ద శాస్త్రవేత్త ఉంటాడు, సైనికులు ఉంటారు. కానీ ఒకటి చూసినవాడు ఇంటికెళ్లి తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంటాడు. రెండోది చూసినవాడు మన తుపాకుల గురించే సిగ్గుపడతాడు.

‘ద థింగ్’ కథ ఉత్తర ధ్రువం దగ్గర జరుగుతుంది. మంచు కింద ఏదో పెద్ద వస్తువు కూరుకుపోయి ఉంటుంది. దాని ఆకారం తెలుసుకోవడానికి అక్కడున్నవాళ్లంతా దాని అంచు వెంబడి చేతులు చాచుకుని నిలబడతారు. నిలబడి చూసుకుంటే అందరూ కలిసి గుండ్రంగా ఉంటారు. తాము నిలబడింది ఎగిరే పళ్లెం చుట్టూ అని అప్పుడు తెలుస్తుంది. గ్రాఫిక్స్ ఏమీ లేవు, మంచులో మనుషులు నిలబడటమే సీను. నేను చూసిన గొప్ప సీన్లలో అదొకటి.

ఆ తర్వాత దొరికిన జీవి రక్తం తాగి బతికేది. అక్కడ కారింగ్టన్ అనే శాస్త్రవేత్త ఉంటాడు. వీడు మనకంటే తెలివైనవాడు, వీణ్ణి చంపకూడదు, మాట్లాడాలి అంటాడు. చివరికి తానే ఎదురెళ్లి, నేను నీ స్నేహితుణ్ణి అని బతిమాలతాడు. అది ఒక్క దెబ్బతో అతన్ని పక్కకి విసిరేస్తుంది. సైనికులు కరెంటు పెట్టి దాన్ని కాల్చేస్తారు. అయితే సినిమా అక్కడ ఆగదు. విలేఖరి రేడియోలో ప్రపంచానికి వార్త చెప్పేటప్పుడు, కారింగ్టన్ అడ్డుపడ్డాడని చెప్పడు. పోరాటంలో గాయపడ్డాడు, కోలుకుంటున్నాడు అని గౌరవంగా చెబుతాడు. పక్కనున్న సైనికుడు మెచ్చుకుంటాడు. తప్పు చేసినా మనవాడు మనవాడే, బయట పరువు తీయకూడదు. సంప్రదాయవాదంలో ఉన్న మంచి గుణం ఆ చిన్న సీనులో కనబడుతుంది నాకు.

రెండో సినిమాలో పళ్లెం ఏకంగా వాషింగ్టన్ నగరం మధ్యలో దిగుతుంది. క్లాటూ అనే మనిషి లాంటివాడు బయటికొచ్చి బట్టల్లోంచి ఒక వస్తువు తీస్తాడు. భయపడిపోయిన ఒక సైనికుడు కాల్చేస్తాడు. ఆ వస్తువు పగిలిపోతుంది. అది ఆయుధం కాదు, అమెరికా అధ్యక్షుడికి తెచ్చిన కానుక. దానితో ఇతర గ్రహాల మీది జీవితాన్ని చూడొచ్చట. అంటే కథ మొదట్లోనే తేలిపోయింది, ఇక్కడ ప్రమాదం వచ్చినవాడు కాదు, మన భయం. ఆ తర్వాత అతను మామూలు మనిషిలా ఒక అద్దె గదిలో ఉంటాడు, ఒక పిల్లవాడితో తిరుగుతాడు, ఒక ప్రొఫెసర్ ఇంట్లో బోర్డు మీద తేలని లెక్కను సరిచేస్తాడు. ఇక్కడ శాస్త్రవేత్త మాటే నిజం, సైన్యం తొందరపాటే తప్పు.

అప్పటి అమెరికా పరిస్థితి ఒక్క నిమిషంలో చెబుతాను. 1947 జూన్‌లో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ ఆకాశంలో వింత వస్తువులు చూశానన్నాడు, ఎగిరే పళ్లేల మాట అక్కడ పుట్టింది. 1949లో సోవియట్ రష్యా అణుబాంబు పేల్చింది. 1950 ఫిబ్రవరిలో సెనేటర్ మెకార్తీ ప్రభుత్వంలో కమ్యూనిస్టులు దూరారని కేకలు పెట్టాడు, జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. దేశమంతా టెన్షన్. ఆ టెన్షన్‌లో ఒకడు, ముందు మన ఇల్లు కాపాడుకుందాం అంటాడు. ఇంకొకడు, ఈ భయమే మనల్ని చంపుతుంది, కూర్చుని మాట్లాడదాం అంటాడు. మొదటివాణ్ణి కన్జర్వేటివ్ అనీ, రెండోవాణ్ణి లిబరల్ అనీ అక్కడ పిలుస్తారు. మనం సంప్రదాయవాది, ఉదారవాది అనుకుందాం. దయచేసి ఏ పార్టీ జెండానూ వీటికి కట్టకండి. ఇవి ఓటు కంటే ముందు మనిషిలో ఉండే స్వభావాలు. లోకం ప్రమాదకరం, ఉన్న కట్టుబాటు తేలిగ్గా చెదిరిపోతుంది, కాబట్టి కాపలా ఉండాలి అనేది ఒకటి. కొత్తవాడు శత్రువు కావాలని లేదు, మన గోడలే చాలా అన్యాయాలకు మూలం అనేది ఇంకొకటి. మన ఇళ్లలో ఈ రెండూ ఒకే మంచం మీద పడుకుంటాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి.

సినిమా ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి నేనొక పని చేస్తాను. గ్రహాంతరవాసి మంచివాడా చెడ్డవాడా అని చూడను. కథలో మొదటి అరగంటలో ఎవరో ఒకరు ఒక మాట అంటారు. కాల్చండి అని ఒకరు, ఆగండి అని ఒకరు, దేవుణ్ణి నమ్మండి అని ఒకరు, ప్రభుత్వం అబద్ధం చెబుతోంది అని ఒకరు. చివరికి వీళ్లలో ఎవరి మాట నెగ్గిందో చూస్తాను. రచయిత మనసు అక్కడ దొరుకుతుంది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసుకుంటాను. ఆ మాట నెగ్గడానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారు? ఈ రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చింది అది చెప్పడానికే.

‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ తీసుకోండి. హెచ్.జి. వెల్స్ 1898లో రాసిన నవల. అంగారకుడి మీదివాళ్లు ఇంగ్లండు మీద పడతారు. మొదటి అధ్యాయంలోనే వెల్స్ తన దేశస్థులకు ఒక మాట గుర్తుచేస్తాడు, వీళ్లని క్రూరులు అనేముందు మనం టాస్మేనియా మనుషుల్ని ఏం చేశామో తలుచుకోండి అని. తెల్లవాళ్లు వెళ్లి అక్కడి జనాన్ని తుడిచిపెట్టారు కదా. అంటే ఆ నవల వలసపాలకుడికి అద్దం పట్టింది. అందులో చర్చి గురువు భయంతో మతి చలించి కూలిపోతాడు. 1953లో అమెరికావాళ్లు దాన్నే సినిమా తీశారు. ఊరు కాలిఫోర్నియా అయింది. గురువు మారిపోయాడు. చేత బైబిలు పట్టుకుని, ప్రార్థన చేస్తూ ఆ యంత్రాలకు ఎదురుగా నడిచివెళ్లి ప్రాణం ఇస్తాడు. అణుబాంబు వేసినా పనిచేయదు. చివరికి జనం చర్చిల్లో చేరి ప్రార్థిస్తుండగా శత్రువులు సూక్ష్మక్రిములకు లొంగి చస్తారు. కథ అదే, గొంతు వేరు. వెల్స్ 1946లో పోయాడు, ఈ మార్పు చూడలేదు.

అదే 1953లో ‘ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ వచ్చింది, రే బ్రాడ్‌బరీ కథ. ఇందులో వచ్చినవాళ్లు దండయాత్రకు రాలేదు. బండి చెడిపోయి దారిలో ఆగినవాళ్లు. బాగు చేసుకుని వెళ్లిపోదామనుకుంటారు, అంతే. ఊరి జనం గుంపు కట్టి తుపాకులతో బయల్దేరతారు.

ఆ గుంపును చూస్తే నాకు 2018 వేసవి గుర్తొస్తుంది. మీకూ గుర్తుండాలి. పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది, మనుషుల్ని కోసేస్తోంది అని వాట్సాప్ నిండా వీడియోలు. మన సీమ ఊళ్లలో కుర్రాళ్లు రాత్రంతా కర్రలు పట్టుకుని కాపలా కాశారు. పోలీసులు మైకులు పెట్టి ఇదంతా పుకారు అని మొత్తుకున్నారు. తెలుగు రాని మనిషి, మాసిన బట్టల మనిషి, మతిస్థిమితం లేని మనిషి, ఎవరు కనబడితే వాళ్లకి దెబ్బలు. దేశంలో చాలాచోట్ల ప్రాణాలే పోయాయి. మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఐదుగురు సంచారజాతి మనుషుల్ని కొట్టి చంపారు. అడుక్కుని బతికేవాళ్లు వాళ్లు. కొట్టినవాళ్లు రాక్షసులు కాదు, పిల్లలున్న తండ్రులు. వాళ్ల మనసులో వాళ్లు ‘ద థింగ్’ సినిమాలో సైనికులు. బయట జరిగింది మాత్రం ఇంకో సినిమా.

కానీ ఇక్కడ ఆగి అవతలి పక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన పల్లెల్లో ఏం చేశారు? ఊరి మొదట్లో ముళ్లకంప అడ్డం వేశారు. బయటివాళ్లు రావద్దని బోర్డు రాసి పెట్టారు. ఊళ్లో ముసలివాళ్లు ఉన్నారు, దగ్గర్లో ఆసుపత్రి లేదు, వాళ్లకి తెలిసిన రక్షణ అదే. ఆ కంప వేసినవాణ్ణి మనం మూర్ఖుడనగలమా? నేను అనలేను. కాపలా కాసే బుద్ధి లేకపోతే ఏ ఊరూ నిలబడదు. అయితే అదే కంప దగ్గర, బెంగళూరు నుంచి మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చిన సొంత ఊరివాడు కూడా ఆగిపోయాడు. అతనూ ఆ ఊరి బిడ్డే. సంప్రదాయవాద సినిమా చాలాసార్లు ఆ మనిషిని చూపించదు. గడియ వేయడం చూపిస్తుంది, గడియ బయట ఎవరు ఉండిపోయారో చూపించదు.

అందుకే ఖర్చు ఎవరిది అని అడగమంటున్నాను. చౌకబారు భయం సినిమాలో శత్రువుకు నోరు ఉండదు, ముఖం ఉండదు, పిల్లలు ఉండరు. చంపితే మనకేమీ పోదు. చౌకబారు ప్రేమ సినిమాలో వచ్చినవాడు ముద్దుగా ఉంటాడు, పెద్ద కళ్లు, మెత్తని గొంతు, పువ్వుల్ని బతికిస్తాడు. నమ్మితే మనకేమీ పోదు. ముద్దొచ్చేవాణ్ణి దగ్గరికి తీయడం ఏం గొప్ప? ఈ రెండో మాట ఉదారవాదులకు కోపం తెప్పిస్తుందని తెలుసు. వాళ్లలో నా మిత్రులే ఎక్కువ. అయినా చెప్పక తప్పదు.

‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ కూడా ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గదు. చివర్లో క్లాటూ ఏమంటాడు? మీ గొడవలు మీ గ్రహం దాటి వస్తే మిమ్మల్ని బూడిద చేస్తాం, గార్ట్ లాంటి మరమనుషులు ఆకాశమంతా పోలీసు పని చేస్తున్నారు అంటాడు. శాంతి కోరే సినిమా చివరికి పెద్ద లాఠీ చూపించి ముగుస్తుంది. మనిషి మారతాడని ఆ సినిమాకే పూర్తి నమ్మకం లేదు. ఆ బెదిరింపును చాలామంది లిబరల్ విమర్శకులు గట్టిగా పట్టుకోలేదని నాకనిపిస్తుంది.

1956లో వచ్చిన ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ని రెండు పక్షాలూ మాదే అంటాయి. శాంటా మీరా అనే చిన్న ఊళ్లో మనుషులు నిద్రపోతే వాళ్లలాగే ఉండే వేరే జీవులు పెద్ద కాయల్లోంచి పుట్టి వాళ్ల స్థానంలోకి వస్తాయి. ముఖం అదే, మాట అదే, మనసు ఉండదు. ఇది కమ్యూనిజం గురించి అన్నారు కొందరు. కాదు, అందరూ ఒకేలా మాట్లాడాలని తరిమిన మెకార్తీ గురించి అన్నారు ఇంకొందరు. రెండూ అతుకుతాయి. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడిన చుట్టం, ఇవాళ ఎవరో పంపిన మాటల్నే తిప్పి తిప్పి చెబుతుంటే మనకు కలిగే భయం ఉంది చూడండి, అది కుడివైపు వాళ్లకీ ఉంది, ఎడమవైపు వాళ్లకీ ఉంది.

1982లో మళ్లీ జంట సినిమాలు. జూన్ 11న స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చింది, భూమ్మీద చిక్కుకుపోయిన గ్రహాంతరవాసిని పిల్లలు దాచి కాపాడే కథ. సరిగ్గా రెండు వారాలకు జూన్ 25న జాన్ కార్పెంటర్ ‘ద థింగ్’. పాత 1951 సినిమాకు మూలమైన కథనే మళ్లీ తీశాడు, ఈసారి అంటార్కిటికాలో. జనం ఇ.టి.ని నెత్తిన పెట్టుకున్నారు, ‘ద థింగ్’ని తోసేశారు. ఇ.టి.లో నమ్మదగినవాళ్లు పిల్లలే. పెద్దవాళ్ల ముఖాలు చాలాసేపు కనబడవు. నడుముకు వేలాడే తాళాల గుత్తి కనబడుతుంది, అంతే. ప్రభుత్వం మనిషి అంటే తాళాల చప్పుడు. ప్రభుత్వాన్ని నమ్మొద్దు అన్న మాట ఇందులో ఉంది కాబట్టి ఇది ఒకవైపు సినిమా అని తేలిగ్గా అనలేం. అప్పటి అధ్యక్షుడు రీగన్ కూడా ప్రభుత్వమే సమస్య అన్నవాడే కదా.

కార్పెంటర్ సినిమాలో ఎవరి ఒంట్లో ఆ జీవి దూరిందో ఎవరికీ తెలియదు. ఒకరినొకరు కుర్చీలకు కట్టేసుకుని, ఒక్కొక్కరి రక్తం చిన్న గిన్నెల్లో తీసి, కాల్చిన తీగ ముంచి పరీక్షిస్తారు. తీగ ముంచిన ప్రతిసారీ మన ఊపిరి ఆగుతుంది. ఒకణ్ణి అనుమానించి ముందే చంపేస్తారు, పరీక్షలో అతని రక్తం మామూలుగానే ఉందని తేలుతుంది. అతను మనిషే. అది చూశాక ఎవరూ పెద్దగా మాట్లాడరు. భయానికి అయిన ఖర్చు ఆ గిన్నెలో కనబడుతుంది. ఇది సంప్రదాయవాద భయాన్ని పూర్తిగా నమ్మి తీసిన సినిమా, ఆ భయం ఏం చేస్తుందో దాచకుండా చూపిన సినిమా కూడా. అందుకే నాకు ఇ.టి. కంటే ఇదే పెద్ద సినిమా. మీరు ఒప్పుకోకపోవచ్చు.

1996 ‘ఇండిపెండెన్స్ డే’ మీలో చాలామంది టీవీలో చూసుంటారు. లాస్ ఏంజెలెస్‌లో ఒక ఎత్తయిన భవనం మీదికి జనం ఎక్కి, స్వాగతం అని అట్టలు పట్టుకుని ఎగురుతుంటారు. మొదటి కిరణం వాళ్ల మీదే పడుతుంది. స్నేహం అన్నవాళ్లకు సినిమా వేసిన శిక్ష అది, హాల్లో జనం నవ్వుతారు కూడా. మీకు మేమేం చేయాలి అని అధ్యక్షుడు అడిగితే, చావండి అంటుంది ఆ జీవి. మాటలకు తావే లేదు. కానీ కాపాడేది ఎవరు? ఒక నల్లజాతి పైలట్, ఒక యూదు సాంకేతిక నిపుణుడు, తాగుబోతని ఊరంతా వెక్కిరించిన ఒక పేద తండ్రి. లోపల అందరూ ఒకటే అన్నది ఉదారవాద కోరిక, బయటివాణ్ణి చంపి ఒకటవ్వాలి అన్నది పాత పద్ధతి. 1987 సెప్టెంబరులో రీగన్ ఐక్యరాజ్యసమితిలో ఇంచుమించు ఇదే చెప్పాడు, వేరే లోకంవాళ్లు దాడికి వస్తే మన తేడాలన్నీ ఎంత త్వరగా మాయమవుతాయో అని. ఒకటి కావడానికి శత్రువు కావాలన్న ఆ మాట నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

మాహేలో పుట్టిన శ్యామలన్ తీసిన ‘సైన్స్’ (Signs, అంటే సంకేతాలు) 2002లో వచ్చింది. భార్య పోయాక దేవుడి మీద నమ్మకం వదిలేసిన ఒక చర్చి గురువు, ఇద్దరు పిల్లలు, తమ్ముడు, మొక్కజొన్న చేను. సైన్యం, సైంటిస్టులు అంతా టీవీలోనే. ఇల్లు, కుటుంబం, విశ్వాసం, ఈ మూడే కాపాడతాయి. నిజాయితీగా తీసిన సంప్రదాయవాద సినిమా అది.

ఇక నేను ఎక్కువసేపు ఉండాలనుకున్న చోటికి వచ్చాను. 2009లో దక్షిణాఫ్రికా నుంచి ‘డిస్ట్రిక్ట్ 9’ వచ్చింది, దర్శకుడు నీల్ బ్లోమ్‌క్యాంప్. జోహానెస్‌బర్గ్ మీద ఒక ఓడ ఆగిపోతుంది, అందులో ఆకలితో ఉన్న లక్షలమంది. వాళ్లని ఊరి పక్కన మురికివాడలో పడేస్తారు. చూడటానికి అందంగా ఉండరు. చెత్త కెలుకుతారు, జనం వాళ్లని రొయ్యలు అని తిడతారు. వికస్ అనే కంపెనీ ఉద్యోగి, చేతిలో కాగితాలు పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగి ఖాళీ చేయమని నోటీసు మీద సంతకాలు తీసుకుంటాడు. ఒకడు కోపంతో ఆ కాగితాన్ని కొడతాడు, చెయ్యి తగిలిన మరక పడుతుంది. ఇదీ సంతకమే, చెల్లుతుంది అంటాడు వికస్. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవాళ్లకే అని ప్రకటించి జనాన్ని తరిమేసిన చరిత్ర దాని వెనక ఉంది.

ఆ కాగితం సీను దక్షిణాఫ్రికావాడికే కాదు, మనకీ తగలాలి. శ్రీశైలం నీళ్లకింద ఊళ్లు పోయినవాళ్ల పిల్లలు ఈ హాల్లో ఉండొచ్చు. గండికోట జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగినవాళ్లు మన పక్క జిల్లాలోనే ఉన్నారు. ప్రాజెక్టులు వద్దని నేననను, కరవు సీమలో నీళ్ల విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పెన్నూ కాగితమూ పట్టుకుని ఇంటి ముందుకు వచ్చినవాణ్ణి చూసిన ముసలమ్మకి ఆ సినిమా భాష రాకపోయినా అర్థమవుతుంది.

ఆ సినిమాకూ ఒక మచ్చ ఉంది. రొయ్యల్లాంటి జీవుల మీద అంత దయ చూపినవాడు, నైజీరియా మనుషుల్ని మాత్రం రౌడీలుగా, మనిషి మాంసం తినేవాళ్లుగా చూపించాడు. నైజీరియా ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది. ఎక్కడో నక్షత్రం నుంచి వచ్చినవాణ్ణి అర్థం చేసుకుని, తన ఖండంవాణ్ణే రాక్షసుణ్ణి చేయడం.

ఈ మాట అన్నప్పుడు మన సంగతి రాకుండా ఎట్లా ఉంటుంది? 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన తర్వాత ఏళ్ల తరబడి తెలుగు సినిమాలో రాయలసీమ అంటే ఏమిటి? సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు, తెల్లచొక్కా మీద రక్తం. వేరుశనగ రైతు లేడు. గంజి కేంద్రాల్లో నిలబడ్డ ఆడవాళ్లు లేరు. బెంగళూరు కట్టడాల్లో ఇటుకలు మోసే మనవాళ్లు లేరు. హైదరాబాదులో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లల్ని ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, మీ ఇంట్లో బాంబులుంటాయా అని అడిగారు, సరదాకే అడిగినా అడిగారు. ఫ్యాక్షన్ అబద్ధం అనడం లేదు. దానిలో భర్తలు పోయిన ఇళ్లు నాకు తెలుసు. కానీ ఆ సినిమాల్లో మన మాట నెగ్గలేదు, మన మాట అసలు లేదు. తోటి తెలుగువాళ్ల తెరమీద మనమే గ్రహాంతరవాసులం. ఈ విషయం తెలిసినవాడు ‘డిస్ట్రిక్ట్ 9’ని ఇంకోలా చూస్తాడు.

మన దేశపు సినిమాల దగ్గరికి వద్దాం. 1963లో తమిళంలో ‘కలై అరసి’ వచ్చింది. ఎం.జి.ఆర్., మన భానుమతి గారు. వేరే గ్రహంవాళ్లకు అన్నీ ఉన్నాయి, సంగీతం, నాట్యం లేవు. అవి నేర్పించుకోవడానికి ఇక్కడి పాటగత్తెను ఎత్తుకుపోతారు. నేలకోసం కాదు, బంగారం కోసం కాదు, పాట కోసం దండయాత్ర! ఏ అమెరికావాడికీ తట్టని కారణం అది. 1967 ప్రాంతంలో సత్యజిత్ రే ‘ది ఏలియన్’ అని హాలీవుడ్ కోసం స్క్రిప్టు రాశాడు, సినిమాగా రాలేదు. బెంగాల్ పల్లెలో చెరువులో ఓడ దిగుతుంది. దాని పైభాగం చూసి జనం గుడి అనుకుని పూజలు మొదలుపెడతారు. తుపాకీ ఎత్తలేదు, చెయ్యి చాచలేదు, దండం పెట్టారు. పడమటివాళ్ల రెండు గదుల్లో ఏ గదిలోనూ ఇది ఇమడదు.

మన తెలుగులో పైలోకం నుంచి వచ్చేవాళ్లు దేవకన్యలు. కె.వి.రెడ్డి గారి ‘జగదేకవీరుని కథ’లో హీరో దేవకన్య వస్త్రం దాచేస్తాడు, ఆమె భూమ్మీద ఉండిపోతుంది. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రజ ఉంగరం పోతుంది, ఆమె వెనక్కి వెళ్లలేదు. పరలోకం మనిషి మన ఇంటి మనిషి కావాలంటే ముందు తనదైన వస్తువు ఒకటి పోవాలి. చాలా తీయగా చెప్పారు గానీ, అందులో ఒక షరతు ఉంది. రా, కానీ మాలా ఉండు. సంప్రదాయవాదం ఎప్పుడూ తలుపు మూయదు, ఇలా కోడల్ని చేసుకుని తెరుస్తుంది. ఆ కోడలు ఏం వదులుకుని వచ్చిందో మనం అడగం.

దీనికి భిన్నమైన సంగతి మన కళ్లముందే జరిగింది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, 2019లో కార్లు బయటికి వచ్చేనాటికి, కొరియావాళ్లు ఎంతమంది వచ్చి ఉంటున్నారో మీకు తెలుసు. వాళ్ల హోటళ్లు, వాళ్ల అక్షరాల బోర్డులు వచ్చాయి. వాళ్లని మనం మారమనలేదు, వాళ్లూ మనల్ని మారమనలేదు. ఉద్యోగం ఉంది కాబట్టి అంత సులువైంది అంటారా? నిజమే. జేబులో డబ్బున్న కొత్తవాడికి తలుపు వేరుగా తెరుచుకుంటుంది. బీహారు నుంచి కూలికి వచ్చిన కుర్రాడికి అదే గౌరవం దొరుకుతుందా, మీరే చూడండి.

హిందీలో 2003 ‘కోయీ మిల్ గయా’లో ఒక తమాషా కలయిక ఉంది. శాస్త్రవేత్త ఆకాశంలోకి పంపే సంకేతం ఓంకారం. సైన్సు దారి, సంప్రదాయం శబ్దం. 2014 ‘పీకే’ అయితే నేరుగా గుడి, మసీదు, చర్చి అన్నింటి ముందూ నిలబడి ప్రశ్నలు అడిగింది. నిషేధించాలని కోర్టులకు వెళ్లారు, కొన్నిచోట్ల థియేటర్ల మీద దాడులు జరిగాయి. జనం మాత్రం విరగబడి చూశారు. నా అభిప్రాయం అడిగితే, ఆ ప్రశ్నలు అవసరమే. కానీ నమ్మేవాడి మనసులో ఉన్న నిజమైన బాధకు ఆ సినిమా ఇంకొంచెం చోటిచ్చి ఉంటే ఇంకా పెద్దదయ్యేది.

2016 ‘అరైవల్’ గురించి ఒక్క మాట. లూయీస్ అనే భాషాశాస్త్రవేత్త, గాజు గోడ అవతల ఉన్న జీవులతో మాట్లాడటానికి తన రక్షణ తొడుగు విప్పేస్తుంది. సైనికులు భయంతో లోపల బాంబు పెడతారు. చివరికి ఆమె మాట నెగ్గుతుంది, అంటే ఉదారవాద సినిమానే. కానీ ఆ నెగ్గడానికి ఆమె కడుపుకోత ముందే తెలిసి ఒప్పుకుంటుంది. ఇక్కడ నమ్మకం ఊరికే రాలేదు.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది. “సార్, మన అనంతపురంలో గ్రహాంతరవాసి దిగే సినిమా తీస్తే ఎలా ఉండాలి?” అని. చాలా మంచి ప్రశ్న తల్లీ. ఎక్కడ దిగుతాడో నువ్వే ఎంచుకో. ఉరవకొండ వైపు గాలిమరల కింద దిగినా సరే, పెన్న ఇసుకలో దిగినా సరే. నా కోరికలు మాత్రం చెబుతాను. వాణ్ణి ముద్దుగా చేయొద్దు. ఎస్సైని తెలివితక్కువవాణ్ణి చేయొద్దు, అతనికీ ఊరి బాధ్యత ఉంది. కర్ర పట్టుకుని మొదట పరిగెత్తినవాడి ఇంట్లోకి కెమెరా తీసుకెళ్లు, అతనెందుకు భయపడ్డాడో చూపించు. వచ్చినవాడికి ఒక రాత్రి అన్నం పెట్టిన ఆమె ఉంటుంది కదా, మర్నాడు ఊరు ఆమెను ఏం చేసిందో కూడా చూపించు. చివరికి ఎవరి మాట నెగ్గాలో ముందే నిర్ణయించుకోకు, రాస్తూ ఉంటే తెలుస్తుంది. రాశాక నాకు తెచ్చివ్వు, ఇక్కడే అందరం కూర్చుని చదువుదాం. ఇంకా ఎవరైనా అడగాలనుకుంటే మైకు అటు పంపిస్తారు, అడగండి.